ఏడడుగుల సెల్లార్‌లో నూరంగుళాల తెర: టేపు పట్టడం నుంచి బోల్టు బిగించడం దాకా

ఒడిశా కొండల్లోని మా కొరాపుట్‌లో చాలా ఇళ్లు వాలు మీద కట్టినవే. రోడ్డు వైపు నుంచి చూస్తే ఒక అంతస్తు, వెనక లోయ వైపు నుంచి చూస్తే రెండు. ఆ కింది అంతస్తుకు మా ఇంట్లో పేరు సెల్లార్. పార్వతీపురం నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మా నాన్న ఇల్లు కట్టించినప్పుడు దాన్ని గదిగా అనుకోలేదు. చింతపండు బస్తాలు, విరిగిన మంచాలు, బియ్యం డబ్బాలు పెట్టుకోవడానికి అనుకున్నారు. అందుకే ఎత్తు గురించి ఎవరూ పట్టించుకోలేదు. నేల నుంచి శ్లాబుకు 7 అడుగుల 3 అంగుళాలు. మధ్యలో అడ్డంగా వెళ్లే బీము కిందైతే 6 అడుగుల 7 అంగుళాలే. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం సెల్లార్‌కు కనీసం 2.4 మీటర్లు ఉండాలి. అంటే 7 అడుగుల 10 అంగుళాల పైమాటే. పాత ఇళ్లలో ఆ లెక్క ఎక్కడ దొరుకుతుంది!

అలాంటి గదిలో ప్రొజెక్టర్ పెట్టుకోవచ్చా అని రాయగడ, జయపురం, గుణుపురం వైపు చుట్టాలు తరచూ అడుగుతుంటారు. పెట్టుకోవచ్చు. నేను పెట్టాను, ఒకసారి తప్పుగా, ఒకసారి సరిగా. ఆ రెండింటికీ తేడా రెండంగుళాలు. ఎత్తున్న హాల్లో అయితే అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. ఎత్తు తక్కువ గదిలో కొలతలు అయ్యాకే కొనాలి, కొన్నాక కొలవకూడదు. ఈ వ్యాసంలో సగం కొలతల మీదే ఉంది, ఓపిక పట్టండి.

అన్నిటికన్నా ముందు గోడలకు పాలిథిన్ అంటించండి

ప్రొజెక్టర్ గురించి మాట్లాడుతూ పాలిథిన్ ఏమిటి అనుకోవద్దు. ఇక్కడ జూన్ మధ్యలో వచ్చే రజొ పండుగ వెళ్లిందంటే వాన మొదలైనట్టే. వాలు మీది ఇంట్లో సెల్లార్‌కు కనీసం ఒక గోడ మట్టికి ఆనుకుని ఉంటుంది. ఆ గోడ చెమ్మ పీలిస్తే తెర వెనక బూజు పడుతుంది, ఆ తర్వాత లెన్స్ మీద పడుతుంది. లెన్స్ లోపల బూజు చేరితే తుడవడం మన చేతిలో పని కాదు.

అడుగున్నర చదరం పాలిథిన్ ముక్క తీసుకుని నాలుగు అంచులూ టేపుతో గోడకు గట్టిగా అంటించండి. రెండు రోజులు వదిలేయండి. పాలిథిన్‌కీ గోడకీ మధ్య, అంటే లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ గోడలోంచి వస్తోందని అర్థం. బయటి వైపు, గదికి ఎదురుగా ఉన్న ముఖం మీద బొట్లు ఉంటే అది గదిలోని గాలి చెమ్మ. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. గాలి చెమ్మకు కిటికీ తెరవడం, ఎగ్జాస్ట్ ఫ్యాను, అవసరమైతే గాలిలోని తడి లాగే డీహ్యుమిడిఫయర్ సరిపోతాయి. గోడ చెమ్మకు మాత్రం బయటి నుంచే పని జరగాలి. గోడ పక్కన కాలువ తవ్వి నీళ్లు దారి మళ్లించాలి, ఆ వైపు వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. లోపల నుంచి పెయింటు కొట్టి మూసేస్తే ఒక వర్షాకాలం గడుస్తుందేమో, రెండోదానికి పొక్కులు లేస్తాయి.

మా ఇంట్లో రోడ్డు వైపు గోడకు లోపలి వైపే బొట్లు పట్టాయి. వాన తగ్గాక బయట కాలువ తవ్వించాను. అయినా తెరను ఆ గోడకు పెట్టలేదు, పక్క గోడకు పెట్టాను. మీరూ అంతే చేయండి. మట్టికి ఆనిన గోడ ఎంత నున్నగా, ఎంత వెడల్పుగా ఉన్నా తెరకు పనికిరాదు.

తెర ఎంత? శ్లాబు చెబుతుంది

తెర సైజు అనగానే అందరూ గది పొడవు చూస్తారు. ఎత్తు తక్కువ గదిలో ముందు చూడాల్సింది నిలువు కొలత. తెర కింది అంచు నేల నుంచి 24 అంగుళాలకు తగ్గకూడదు. తగ్గితే ముందు చాప మీద కూర్చున్న పిల్లల తలలు అడ్డొస్తాయి. మా పక్కింటివాళ్లు ఒడియావాళ్లు, తెలుగు సినిమా అంటే ప్రాణం, కానీ సబ్‌టైటిల్స్ లేకుండా చూడలేరు. తెర అడుగు కనిపించకపోతే వాళ్లకు సినిమా లేనట్టే. ఇక తెర పైఅంచుకీ శ్లాబుకీ మధ్య ఒక 12 అంగుళాలైనా ఉంచండి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క సులువు. గది ఎత్తు అంగుళాల్లో వేసుకుని 36 తీసేయండి. మిగిలినది తెరకు దొరికే ఎత్తు. మాది 87 అంగుళాలు, 36 పోతే 51. తెర సైజు అంటే మూల నుంచి ఎదుటి మూలకు కొలత. టీవీల్లాంటి 16:9 తెరకు కొలతలు ఇలా ఉంటాయి: 84 అంగుళాల తెర 73 వెడల్పు, 41 ఎత్తు. 92 అంగుళాలది 80 వెడల్పు, 45 ఎత్తు. 100 అంగుళాలది 87 వెడల్పు, 49 ఎత్తు. 110 అంగుళాలది 96 వెడల్పు, 54 ఎత్తు. 120 అంగుళాలదైతే 105 వెడల్పు, 59 ఎత్తు. 51లో 49 పడుతుంది కాబట్టి నాకు 100 అంగుళాలు కుదిరింది. శ్లాబు 6 అడుగుల 9 అంగుళాలే ఉంటే 92 దగ్గర ఆగాలి. విజయనగరంలో మా బావమరిది 120 పెట్టించుకున్నాడు కదా అని మనం పెట్టకూడదు, వాడి హాలు పదడుగుల ఎత్తు.

కూర్చునే దూరం కూడా చూసుకోండి. 100 అంగుళాల తెరకు 10 అడుగుల నుంచి 13 అడుగుల లోపు హాయిగా ఉంటుంది. అంతకన్నా దగ్గరైతే మెడ తిప్పుకుంటూ చూడాలి, బాగా దూరమైతే పెద్ద టీవీ చూసినట్టు ఉంటుంది తప్ప హాలు అనిపించదు. సోఫాలో కూర్చుని నేల నుంచి మీ కళ్ల ఎత్తు కొలిపించుకోండి. మామూలుగా 40 అంగుళాల దగ్గర వస్తుంది. ఆ గీత తెర కింది నుంచి మూడో వంతు దగ్గర పడితే బాగున్నట్టు. మాది మొదటి లెక్కలో 24 అంగుళాల దగ్గర మొదలై 73 దగ్గర ముగిసే తెర. మూడో వంతు లెక్కేస్తే 40 అంగుళాలే వచ్చింది, అదృష్టం.

ఏ రకం ప్రొజెక్టర్

ప్రతి ప్రొజెక్టర్‌కూ త్రో రేషియో అని ఒక అంకె ఉంటుంది. తెర వెడల్పును ఆ అంకెతో గుణిస్తే లెన్స్ ఎంత దూరంలో ఉండాలో వస్తుంది. 1.2 నుంచి 1.5 అని రాసి ఉంటే, 87 అంగుళాల వెడల్పుకు 104 నుంచి 131 అంగుళాలు, అంటే దాదాపు 8 అడుగుల 8 అంగుళాల నుంచి 10 అడుగుల 11 అంగుళాల దాకా. ఆ మధ్యలోనే ఎక్కడైనా పెట్టాలి. వెనక గోడ 16 అడుగుల దూరంలో ఉంటే ఈ ప్రొజెక్టర్ వెనక గోడ మీద పెట్టడానికి పనికిరాదు.

దీనికన్నా ముఖ్యమైనది, షాపులో ఎవరూ చెప్పనిది, ఆఫ్‌సెట్. టేబుల్ మీద పెట్టిన ప్రొజెక్టర్ బొమ్మను లెన్స్‌కు సూటిగా వేయదు, కొంచెం పైకి వేస్తుంది. తలకిందులుగా శ్లాబుకు వేలాడదీస్తే అంతే కిందికి వేస్తుంది. ఆఫ్‌సెట్ 116 శాతం అంటే బొమ్మ ఎత్తులో 16 శాతం మేర లెన్స్‌కూ బొమ్మ అంచుకూ మధ్య ఖాళీ ఉంటుంది. 49 అంగుళాల బొమ్మకు అది 8 అంగుళాలు. శ్లాబు నుంచి లెన్స్ 7 అంగుళాలు కిందికి వేలాడితే, అక్కడి నుంచి మరో 8 అంగుళాల కింద బొమ్మ మొదలవుతుంది. మొత్తం 15. ఎత్తున్న గదిలో ఈ 15 అంగుళాలు ఎటు పోయాయో కూడా తెలియదు. మన గదిలో ఇవే ప్రాణం. తెర పైన 12 అంగుళాలైనా వదలమన్నది ఇందుకే. కొనేటప్పుడు ఆఫ్‌సెట్ అడిగి, మీ గది లెక్క కాగితం మీద వేసి, తెర అడుగు అంచు ఎక్కడ వస్తుందో చూసుకోండి. బొమ్మ 24 అంగుళాలకన్నా ఒకటి రెండు అంగుళాలు దిగితే తెరనే అంత దింపుకోవచ్చు. 18కి దిగితే ఆ మోడల్ మీది కాదు.

దీనికి తిరుగులేని మందు లెన్స్ షిఫ్ట్ ఉన్న ప్రొజెక్టర్. ఒక చక్రం తిప్పితే ప్రొజెక్టర్ కదలకుండా బొమ్మ పైకీ కిందికీ జరుగుతుంది. ధర ఎక్కువే. కానీ ఎత్తు తక్కువ గదికి డబ్బు ఎక్కడైనా ఎక్కువ పెట్టాల్సి వస్తే అది ఇక్కడే. పైగా 1.3 నుంచి 2.1 దాకా జూమ్ ఉన్న మోడల్ అయితే శ్లాబుకు వేలాడదీసే గొడవే లేదు. వెనక గోడకు ఒక గట్టి అల్మారా పలక కొట్టి దాని మీద పెట్టేయొచ్చు. 15 అడుగుల వెనక, 70 అంగుళాల ఎత్తులో పెట్టినా వెలుతురు సోఫాలో కూర్చున్నవాళ్ల తలల మీదుగా వెళ్లిపోతుంది. శ్లాబుకు రంధ్రం లేదు, తల తగిలే భయం లేదు, దుమ్ము తుడవడానికి నిచ్చెన అక్కర్లేదు. మళ్లీ కొనాల్సి వస్తే నేను కొనేది అదే.

కీస్టోన్ అని ఒక బటన్ ఉంటుంది, వంకర బొమ్మను సరిచేస్తుంది. అది చూసి మోసపోవద్దు. ప్రొజెక్టర్‌ను వంచి పెట్టి కీస్టోన్‌తో సరిచేస్తే లోపల బొమ్మ తయారుచేసే చిప్‌లో కొంత భాగం వాడకుండా వదిలేస్తుంది. బొమ్మ పదునూ తగ్గుతుంది, వెలుగూ తగ్గుతుంది. ఒక చుక్క సర్దుబాటుకు తప్ప వాడకండి.

గోడకు జానెడు దూరంలో, తెర కింద బల్ల మీద పెట్టే అల్ట్రా షార్ట్ త్రో రకం కూడా ఉంది. శ్లాబు, బీము, ఫ్యాను ఏదీ అడ్డు రాదు. కానీ వెలుతురు దాదాపు గోడను రాసుకుంటూ పైకి వెళ్తుంది కాబట్టి తెరలో కాగితమంత ముడత ఉన్నా అలలా కనిపిస్తుంది. చుట్టి పైకి లాగే తెర, చేత్తో పుట్టీ పెట్టిన గోడ దీనికి సరిపడవు. బిగుతుగా లాగిన ఫ్రేము తెర కావాలి. ఆ ఖర్చు కలిపి చూసుకోండి.

వెలుగు సంగతి తొందరగా చెప్పేస్తాను. 100 అంగుళాల తెర దాదాపు 30 చదరపు అడుగులు. తెర మీది వెలుగును ఫుట్‌లాంబర్ట్‌లలో, ప్రొజెక్టర్ వదిలే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. సినిమా హాళ్ల ప్రమాణం 14 ఫుట్‌లాంబర్ట్‌లు. 30ని 14తో గుణిస్తే 420 ల్యూమెన్లు తెర మీద పడితే చాలు. చీకటి సెల్లార్‌కు నిజాయితీగా 1,500 ఆన్సీ ల్యూమెన్లు (ప్రామాణిక పద్ధతిలో కొలిచినవి) ఉన్న ప్రొజెక్టర్, సినిమా మోడ్‌లో వెలుగు తగ్గినా, బల్బు పాతబడినా సరిపోతుంది. ఆన్‌లైన్‌లో కొన్ని చిన్న డబ్బాల మీద 9,000 ల్యూమెన్లు అని ఉంటుంది. ఆన్సీ అనో ఐఎస్‌ఓ అనో లేని అంకెను లెక్కలోకి తీసుకోకండి.

బీము నాకు నేర్పిన పాఠం

మొదటిసారి నేను విశాఖలో ఒక షాపులో కొన్నాను. సెల్లార్ అని చెప్పాను, ఎత్తు చెప్పాను. "ఏం పర్లేదు సార్, శ్లాబుకు అతుక్కుపోయేలా బిగించండి, ఎత్తు కలిసొస్తుంది" అన్నాడు సేల్స్‌మన్. వినడానికి సబబుగానే ఉంది. సాలూరు ఘాటు పొడవునా డబ్బాను ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. తెర నుంచి 10 అడుగుల దూరంలో, శ్లాబుకు వీలైనంత దగ్గరగా, లెన్స్ నేల నుంచి 82 అంగుళాల ఎత్తులో ఉండేలా బిగించాం. ఆ ఎత్తుకు తగ్గట్టే తెర పైఅంచును కూడా 74 దాకా జరిపాను.

ఆ రాత్రి తెలుగు సినిమా చూశాం. అద్భుతం. మర్నాడు క్రికెట్ పెట్టాను. తెర పైభాగంలో ఐదంగుళాల మేర నల్లటి పట్టీ, ఛానెల్ గుర్తు సగం తెగిపోయింది. సెట్టింగ్స్ అన్నీ తిరగేశాను. మా అబ్బాయి వచ్చి చూసి, "నాన్నా, అది బీము నీడ" అన్నాడు. అవును మరి. సినిమాస్కోప్ సినిమాకు పైనా కిందా ఎలాగూ ఆరేసి అంగుళాల నల్ల పట్టీలు ఉంటాయి, నీడ అందులో కలిసిపోయింది. క్రికెట్ తెర నిండా వస్తుంది కాబట్టి దొరికిపోయింది.

లెక్క ఇదీ. బీము తెర నుంచి 84 అంగుళాల దగ్గర మొదలై 93 దగ్గర ముగుస్తుంది, దాని అడుగు 79 అంగుళాల ఎత్తులో ఉంది. లెన్స్ 120 అంగుళాల దూరంలో, 82 ఎత్తులో ఉంది. తెర పైఅంచు 74. లెన్స్ నుంచి తెర పైఅంచుకు వెళ్లే వెలుతురు బీము వెనక అంచు దగ్గర 80 అంగుళాల పైన ఉంటుంది. బీమేమో 79 దాకా దిగి ఉంది. ఆ ఒక్క అంగుళం తేడా తెర దగ్గరికి చేరేసరికి ఐదంగుళాల నీడ అయింది.

లెన్స్‌ను 80కి దింపాను, తెర పైఅంచును 72కి. ఇప్పుడు బీము దగ్గర వెలుతురు 78 అంగుళాల చిల్లర దగ్గర వెళ్తుంది, ముప్పావు అంగుళం ఖాళీతో దూరిపోతుంది. శ్లాబుకు ఎంత దగ్గరగా బిగిస్తే అంత మంచిది అన్న సలహా బీము లేని గదికి సరే. బీమున్న గదిలో ప్రొజెక్టర్ కిందికి దిగాలి. తెర కింది అంచు 23కి వచ్చింది, ఆ ఒక్క అంగుళం పిల్లలు కొంచెం పక్కకి జరిగి సర్దుకున్నారు.

మీరు ఇంత లెక్క వేయనక్కర్లేదు. మేస్త్రీ వాడే నూలు దారం తీసుకోండి. తెర పైఅంచు వచ్చే చోట గోడకు మేకు కొట్టి ఒక కొస కట్టండి. రెండో కొసను లెన్స్ వచ్చే చోట, ఆ ఎత్తులో ఒకరు నిచ్చెన మీద నిలబడి బిగుతుగా పట్టుకోవాలి. దారం బీముకు తగులుతోందా? తగిలితే వెలుతురూ తగులుతుంది. తెర నాలుగు మూలలకూ ఇలాగే లాగి చూడండి. ట్యూబ్‌లైట్ పట్టీ, కేబుల్ పైపు, ఫ్యాను హుక్కు, ఏది అడ్డొచ్చినా దారం చెప్పేస్తుంది. ఐదు రూపాయల దారం ఆ రోజు నా దగ్గర ఉండి ఉంటే శ్లాబుకు నాలుగు వృథా రంధ్రాలు తప్పేవి.

ఫ్యాను తీసేయండి

ఏడడుగుల గదిలో సీలింగ్ ఫ్యాను పెడితే రెక్కలు ఆరడుగుల చిల్లర దగ్గర తిరుగుతాయి. పిల్లాడిని భుజాన ఎత్తుకుంటే, చొక్కా విప్పుతూ చేతులు పైకెత్తితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వెలుతురు దారిలో ఉంటే తెర మీద రెక్కల నీడ టపటపలాడుతుంది కూడా. గోడ ఫ్యాను పెట్టుకోండి, ప్రొజెక్టర్‌కు ఎదురుగాలి కొట్టకుండా. మా కొరాపుట్‌లో ఏడాదిలో చాలా నెలలు ఫ్యానే అక్కర్లేదు. బరంపురం, పర్లాకిమిడి వైపువాళ్లు ఏసీ గురించి ఆలోచించుకోవాలి. అది పెడితే చెమ్మకు కూడా మందు.

రంగు

ఎత్తు తక్కువ గదిలో బొమ్మను పాడుచేసేది వెల్ల వేసిన శ్లాబు. తెర మీది వెలుగు పక్కనే ఉన్న తెల్లటి శ్లాబుకు తగిలి మళ్లీ తెర మీదే పడుతుంది, నలుపు బూడిదరంగు అవుతుంది. శ్లాబు ఎత్తుగా ఉంటే ఈ బాధ తక్కువ, మన గదిలో అది తెరకు అడుగు చిల్లర దూరంలోనే ఉంటుంది. శ్లాబును ముదురు రంగు మ్యాట్ పెయింటుతో వేయండి. మెరిసే పెయింటు వద్దు. "గుహలో కూర్చున్నట్టు ఉంటుంది" అని మా ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి తెర నుంచి ఆరడుగుల దాకా శ్లాబుకూ పక్క గోడలకూ ముదురు నీలం, వెనక సగానికి లేత రంగు అని రాజీ పడ్డాం. తొంభై పాళ్లు లాభం ఆ ఆరడుగుల్లోనే వచ్చింది. బీము మాత్రం మొత్తం నలుపు వేయించాను.

తెరకు చీకటి గదిలో మామూలు మ్యాట్ తెలుపు చాలు, ఖరీదైన బూడిద తెరలు వెలుతురున్న హాళ్లకు. ఫ్రేము బిగించేటప్పుడు రసమట్టంతో పాటు రెండు మూలల కొలతలూ కొలవండి. పైమూల నుంచి ఎదుటి కిందిమూలకు రెండు వైపులా ఒకే అంకె రావాలి. అరంగుళం తేడా ఉన్నా బొమ్మ అంచులు ఫ్రేముతో కలవవు.

బిగించే ముందు వారం రోజులు ఆగండి

తెర వచ్చాక, రంగు ఆరాక, ప్రొజెక్టర్‌ను వెంటనే వేలాడదీయకండి. పాత బీరువా మీదో, స్టూలు మీద స్టూలు వేసో అనుకున్న దూరంలో పెట్టి వారం రోజులు చూడండి. సోఫా జరగొచ్చు, పెద్దవాళ్లకు మెడ నొప్పి రావచ్చు, మెట్లు దిగుతూ వచ్చేవాళ్ల నీడ పడొచ్చు. బీరువాను జరపడం తేలిక, శ్లాబులో రంధ్రం జరగదు.

ఇక రంధ్రం. ముందు మెయిన్ ఆపండి. పాత ఇళ్లలో శ్లాబులోనే కరెంటు పైపులు వేసి ఉంటాయి. ఫ్యాను హుక్కు నుంచి స్విచ్‌బోర్డు వైపు వెళ్లే దారిని చాక్‌పీసుతో గీసి, దానికి రెండు వైపులా అరడుగు వదిలేయండి. బీము అడుగున రంధ్రం వేయనివ్వకండి, అక్కడే ముఖ్యమైన ఇనుము ఉంటుంది. మా మిస్త్రీ ఒడియావాడు, ఆయన ఛాతొ అంటాడు, నేను శ్లాబు అంటాను, కానీ బీము అన్న మాట ఇద్దరికీ ఒకటే. "బీములో అయితే గట్టిగా ఉంటుంది సార్" అని మిషన్ అటు తిప్పబోతే ఆపాల్సి వచ్చింది. శ్లాబులో రెండంగుళాల లోతు చాలు. మధ్యలో డ్రిల్లు ఇనుముకు తగిలి ఆగితే బలవంతం చేయకుండా అంగుళం పక్కకి జరగండి. చెక్క ప్లగ్గులు, మామూలు మేకులు పనికిరావు, లోహపు యాంకర్ ఫాస్టెనర్లు నాలుగు వేయించండి. బిగించాక ప్రొజెక్టర్ పెట్టకుండా స్టాండును చేత్తో పట్టుకుని గట్టిగా కిందికి లాగి చూడండి.

డ్రిల్లు నడిచేటప్పుడు ప్రొజెక్టర్ ఆ గదిలోనే ఉండకూడదు. సిమెంటు పొడి లోపలికి వెళ్తే తెర మీద మచ్చలై కూర్చుంటుంది.

స్టాండు సోఫా పైన వచ్చేలా చూసుకోండి, నడిచే దారిలో కాదు. కూర్చున్నవాడి తలకు తగలదు, లేచేవాడు కూడా ముందుకే లేస్తాడు. ప్రొజెక్టర్ చుట్టూ గాలి బయటికి వదిలే వైపు ఒక అడుగు ఖాళీ ఉండాలి. దానికి అందమైన చెక్క పెట్టె చేయించుకున్నవాళ్లను చూశాను, వేడికి తరచూ ఆగిపోతుందని మొత్తుకుంటున్నారు.

తీగలు, కరెంటు, ధ్వని

హెచ్‌డీఎంఐ కేబుల్ 5 మీటర్ల దాకా మామూలుది నడుస్తుంది. శ్లాబు చుట్టూ తిప్పి తెస్తే 10 మీటర్లు దాటుతుంది, అప్పుడు 4కే బొమ్మ మినుకుమినుకుమంటుంది. సిగ్నల్‌ను వెలుతురుగా పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వేయండి. దానికి రెండు కొసలు వేరు, ఒకటి ప్లేయర్ వైపు, ఒకటి ప్రొజెక్టర్ వైపు, కేబుల్ మీదే రాసి ఉంటుంది. తిరగేసి లాగితే మళ్లీ మొత్తం బయటికి తీయాలి. పైపు ఒకటిన్నర అంగుళాలది వేయండి, ముప్పావు పైపులో హెచ్‌డీఎంఐ తల దూరదు. పైపులో ఒక ఖాళీ తీగ వదిలేయండి, రేపు ఇంకో కేబుల్ లాగడానికి.

మన వైపు వర్షాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. బల్బు ప్రొజెక్టర్ ఆపాక కూడా లోపలి ఫ్యాను తిరిగి బల్బును చల్లబరుస్తుంది. హఠాత్తుగా కరెంటు పోతే ఆ ఫ్యానూ ఆగిపోయి వేడి లోపలే ఉండిపోతుంది, బల్బు ఆయుష్షు తగ్గుతుంది. చిన్న యూపీఎస్ అయినా పెట్టండి. ఇంటి ఇన్వర్టర్ మీద వేస్తే అది లైన్ కరెంటు లాంటి నునుపైన అలను ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకమేనా అని చూసుకోండి. 20,000 గంటలు నడిచే లేజర్ రకాల్లో బల్బు టెన్షన్ లేదు, అయినా యూపీఎస్ మంచిదే.

ధ్వని మీద ఇంకో వ్యాసం రాయొచ్చు. ఒక్కటే చెబుతాను: శ్లాబుకు ధ్వనిని కొట్టి కిందికి దింపే అట్మాస్ స్పీకర్లు ఇంత తక్కువ ఎత్తులో దండగ. ఆ డబ్బుతో మంచి సెంటర్ స్పీకర్ కొని తెర కింద పెట్టండి, నేల మీద మందపాటి తివాచీ వేయండి.

ఉసిళ్లు

మొదటి వానలకు ఉసిళ్లు లేస్తాయి. చీకటి గదిలో వాటికి కనిపించే ఒకే ఒక్క దీపం మీ ప్రొజెక్టర్ లెన్స్. మొదటి ఏడాది సినిమా మధ్యలో తెర మీద డేగంత రెక్కలు కొట్టుకోవడం చూసి పిల్లలు కేకలు పెట్టారు. అంతా అయ్యాక చూస్తే గాలి పీల్చే జాలీ నిండా రెక్కలు. ఇప్పుడు కిటికీకి సన్నటి దోమల జాలీ కొట్టించాను. వాన పడిన సాయంత్రం మెట్ల దగ్గర ఒక లైటు వేసి ఉంచుతాను, అవి అటే పోతాయి. గాలి ఫిల్టర్ ఉన్న మోడల్ అయితే నెలకోసారి తీసి మెత్తటి బ్రష్‌తో దులపండి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి. వాడని రోజుల్లో లెన్స్ మూత పెట్టి, పక్కన సిలికా జెల్ సంచి ఒకటి ఉంచండి. వారం పది రోజులు సినిమా చూడకపోయినా రోజు విడిచి రోజు అరగంట ఆన్ చేసి ఉంచండి, ఆ వేడికి లోపలి చెమ్మ పోతుంది.

బిగించిన నెల రోజులకు స్టాండు బోల్టులు ఒకసారి మళ్లీ తిప్పి చూడండి. లెన్స్ ఎత్తు ఎంతో పక్క గోడ మీద పెన్సిల్‌తో గీసి పెట్టుకోండి. మా గోడ మీద రెండు గీతలున్నాయి, ఒకటి 82 దగ్గర, దాని మీద అడ్డంగా కొట్టేసి, ఇంకోటి 80 దగ్గర.